ఆకు రాలిన గుట్ట మీద పూల లెక్క

మార్చి నెలాఖరులో ఒకసారి హనుమకొండలో ఏటూరునాగారం బస్సెక్కాను. పస్రా దాటి అడవిలోకి రాగానే పక్క సీట్లో పెద్దాయన కిటికీలోంచి చూసి "అడవంత సచ్చిపోయింది సారూ, ఇగ వానలు పడ్తెగాని లేవదు" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేం. టేకు చెట్లు కర్రలు పాతినట్టు నిలబడి ఉన్నాయి, కింద ఎండుటాకులు, అక్కడక్కడా కాలిన నేల. కానీ ఆయన ఆ మాట అంటుండగానే బస్సు ఒక కొండగోగు చెట్టు పక్క నుంచి పోయింది. చెట్టుకి ఒక్క ఆకు లేదు, కొమ్మల చివర మాత్రం అరచేతిలో పట్టేంత పసుపు పచ్చటి పూలు. చచ్చిపోయిన చెట్టు అలా పూయదు కదా.

పూలమొక్కల వైవిధ్యం అనగానే మనవాళ్లకి పశ్చిమ కనుమలు గుర్తొస్తాయి, లేదంటే అరకు. "మన దగ్గర ఏముంది, టేకూ మోదుగా తునికీ తప్ప" అనే మాట బాగా చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నాను. ఈ మాటలో మూడు చిక్కుముళ్లున్నాయి. ఆకు లేకపోతే ప్రాణం లేదనుకోవడం మొదటిది. అడవి మొక్కలంటే చెట్లే అనుకోవడం రెండోది. ఈ రెండూ దాటి వచ్చినవాళ్లు కూడా పడిపోయే మూడోది, ఎన్ని రకాలుంటే అడవి అంత బాగున్నట్టు అనుకోవడం.

మొదటి ముడి సంగతి. మన తెలంగాణలోని పాకాల, ఏటూరునాగారం, కవ్వాల్ అడవుల్ని అటవీశాఖ లెక్కల్లో పొడి ఆకురాల్చు అడవులు అంటారు. భారతదేశపు అడవుల్ని వర్గాలుగా విడగొట్టి 1968లో ఛాంపియన్, సేఠ్ అనే ఇద్దరు వేసిన పట్టికనే ఇప్పటికీ వాడుతున్నారు, ఆ పట్టికలో మనది దక్షిణ ఉష్ణమండల పొడి ఆకురాల్చు అడవి. 'పొడి' అన్నారని వాన పడదనుకోకండి. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఏడాది మొత్తం కురవాల్సినదాంట్లో దాదాపు సగం ఒక్క రోజులో కురిసిందన్నమాట. అంటే వాన ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నదే ఇక్కడ ముఖ్యం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దాదాపు అంతా పడిపోతుంది, తర్వాత ఆరేడు నెలలు చెట్టు తన బతుకు తాను చూసుకోవాలి.

ఆకు అనేది చెట్టుకి వంటిల్లూ, నీళ్లు కారే కుళాయీ కూడా. వంట చేయాలంటే ఆకు రంధ్రాలు తెరవాలి, తెరిస్తే నీళ్లు ఆవిరైపోతాయి. నేలలో తడి ఉన్నన్నాళ్లూ ఈ బేరం గిట్టుబాటే. సంక్రాంతి దాటాక గిట్టదు, అప్పుడు చెట్టు కాడ మొదట్లో ఒక పొర కట్టి ఆకుని వదిలించుకుంటుంది. ఆకు పోయాక జరిగేదే అసలు ఆసక్తికరమైన విషయం. నీళ్లు పోయే దారి మూసుకుపోవడంతో, లోతు వేళ్లు లాగే ఆ కాస్త తడి నెమ్మదిగా మానులో చేరుతుంది. బూరుగ, కొండగోగు, తబసి లాంటి మెత్త చెక్క చెట్లయితే మానులోనే నీళ్లు దాచుకుంటాయి. ఆ నీటితోనే మొగ్గలు విచ్చుకుంటాయి. ఆకు రాల్చడం చావు కాదు, పూయడానికి నీళ్లు మిగుల్చుకోవడం.

ఇంకో లాభం కూడా ఉంది. ఆకులు అడ్డం లేకపోతే పువ్వు దూరానికి కనిపిస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో పూస్తే కాయ మే నాటికి ముదిరి, గింజ సరిగ్గా తొలకరి ముందు నేల మీద పడుతుంది. బూరుగ దూదినో మద్ది కాయ రెక్కనో గాలి ఎత్తుకుపోవాలన్నా మోడు అడవిలోనే సులువు, ఆకుల గుబురులో అయితే ఆగిపోతాయి.

కాముని పున్నానికి అటూ ఇటూగా పొలం గట్టు మీది మోదుగ దగ్గరికి వెళ్లి ఒక పువ్వు తెంపి చూడండి (అభయారణ్యం లోపల తెంపొద్దు, బయట ఎన్నో ఉంటాయి). అడుగున ముదురు రంగు మఖమల్ గుడ్డలాంటి చిన్న గిన్నె. దాంట్లోంచి నారింజ రంగు రేకులు, వాటి మీద వేలితో రాస్తే తెలిసేంత సన్నటి వెండి నూగు. కింది రెండు రేకులూ కలిసి చిలుక ముక్కులా వంగి ఉంటాయి, కేసరాలు ఆ ముక్కు లోపల దాక్కుంటాయి, తేనె ఇంకా అడుగున. గోరింకో తేనెపిట్టో తేనె కోసం తల దూర్చిందంటే ఆ ముక్కు విచ్చుకుని పుప్పొడి పిట్టకి రాసుకుంటుంది. ముక్కుకి ఆనించి వాసన చూడండి, ఏమీ రాదు. పిట్ట వచ్చేది రంగు చూసి, వాసనకి కాదు, మరి చెట్టు అత్తరు ఖర్చు ఎందుకు పెట్టుకుంటుంది?

అదే రోజుల్లో ఇప్ప చెట్టు పూర్తిగా ఉల్టా. పూత రాత్రి పూట, రంగు వెలిసిన పాలరంగు, వాసన మాత్రం ఫర్లాంగు దూరం కొడుతుంది. ఎందుకంటే దాని గిరాకీ గబ్బిలాలు. ఒకే మోడు అడవిలో మోదుగది పగటి డ్యూటీ, ఇప్పది నైట్ డ్యూటీ.

ఇప్ప పువ్వు దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే దీని మీద ఉన్న ఒక అపోహ నాక్కూడా చాలా కాలం ఉండేది. తాడ్వాయి దగ్గర ఒక అవ్వ ఇంకా చీకటి ఉండగానే ఇప్ప పువ్వు ఏరుతూ కనిపించింది. ఇంత పొద్దున్నే ఎందుకవ్వా అంటే "పొద్దెక్కినంక వస్తే ఏముంటది బిడ్డా, పశులు నాకిపోతయ్" అంది. ఇంత పువ్వు ఏరేస్తుంటే మరి చెట్టుకి కాయ ఎక్కడిది అని నా అనుమానం. అవ్వ నవ్వి కొమ్మ చూపించింది. చూస్తే పువ్వు రాలిన చోట గిన్నె అలాగే ఉంది, దాంట్లోంచి దారంలా ఒక పొడుగాటి కాడ బయటికి వేలాడుతోంది. విషయం ఏంటంటే ఇప్ప చెట్టు రాల్చేది తియ్యటి గుజ్జు రేకుల గొట్టాన్నీ, దానికి అంటుకుని ఉన్న కేసరాల్నీ మాత్రమే. అండాశయం కొమ్మకే ఉండిపోతుంది, జూన్ నాటికి కాయ అవుతుంది. కింద పడ్డది ఏరుకుంటే చెట్టు వంశానికి వచ్చిన నష్టమేమీ లేదు.

నష్టం వేరే చోట ఉంది. పువ్వు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఎండుటాకులకి అగ్గి పెడతారు. తునికాకు సీజన్ ముందు కూడా అంతే, కాలిస్తే లేత చిగురు బాగా వస్తుందని నమ్మకం. ఆ మంట చెట్టు కిందే ఆగితే బాధ లేదు, ఆగదు. పెద్ద చెట్లకి మందపాటి బెరడు కాబట్టి పెద్దగా ఏమీ కాదు. తునికికి అసలే భయం లేదు, పైన మాడిపోయినా వేరు నుంచి పిలకలు వేస్తుంది. పోయేది రెండేళ్ల, మూడేళ్ల మొలకలు. ఏటేటా కాలే చోట ముసలి చెట్లు ఉంటాయి, పిల్ల చెట్లు ఉండవు, పైనుంచి చూస్తే అడవి నిక్షేపంగా ఉన్నట్టే ఉంటుంది. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత గాని తెలీదు.

రెండో ముడికి వద్దాం, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది ఇదే. పూలమొక్క అంటే అందమైన పువ్వు పూసేదని కాదు. టేకు పూలమొక్కే, వానాకాలంలో చెట్టు నెత్తిన తెల్లటి చిన్న పూలు గుత్తులుగా పూస్తుంది, ఎవరూ తలెత్తి చూడరు. వెదురు పూలమొక్కే, కాకపోతే మన అడవుల్లోని సన్న వెదురు కొన్ని దశాబ్దాలకొకసారి గుంపుగా పూసి చచ్చిపోతుంది. గడ్డి పూలమొక్కే, తుంగా పూలమొక్కే. ఈ నిర్వచనం పట్టుకుని ఏ గుట్ట మీదైనా లెక్క తీస్తే చెట్లు చిన్న భాగమే అవుతాయి. మన ప్రాంతపు జాబితాల్లో పై వరసలో ఉండే కుటుంబాలు చిక్కుడు జాతి, గడ్డి జాతి. వాటిలో ఎక్కువ భాగం మోకాలి ఎత్తు దాటనివే.

ఇవి మార్చిలో ఎక్కడుంటాయి? కొన్ని నేల కింద దుంపలుగా, ఇంకొన్ని మట్టిలో గింజలుగా. మంట పైనుంచి పోయినా రెండంగుళాల లోతులో వేడి పెద్దగా తెలీదు. తొలకరికి ముందో వెంటనో అడవి కంద లేస్తుంది, ఆకు కంటే ముందు పువ్వు, కుళ్లిన మాంసం వాసన, దానికి ఈగలూ పురుగులూ మూగుతాయి (నేను మొదటిసారి ఏదో జంతువు చచ్చిందనుకుని చుట్టూ వెతికాను). వెనకాలే అడవి పసుపు, నేలను అంటుకుని నక్షత్రంలా పూసే నేలతాడి. ఆగస్టు, సెప్టెంబరుకి నీలి, గిలిగిచ్చ, తుమ్మి, చొక్కా గుండీ కంటే చిన్న నీలం పువ్వుతో విష్ణుక్రాంతం. నాభి అయితే ఆకు కొసనే వేలులా చుట్టి పొద మీదికి ఎగబాకుతుంది. దాని పువ్వు తలకిందులుగా వేలాడుతుంది, అలల్లాంటి రేకులు పైకి లేచి ఉంటాయి, విచ్చినప్పుడు పసుపు, వాడేనాటికి ఎరుపు. చూడటానికి ఎంత బాగుంటుందో దుంపలో అంత విషం, పిల్లల్ని దాని జోలికి పోనీయకండి.

నవంబరు దాటితే ఇదంతా గడ్డిలో కలిసిపోతుంది. నాలుగు నెలల్లో మొలిచి, పూసి, గింజ రాల్చి పోవడం. అందుకే బతుకమ్మ సరిగ్గా ఆ రోజుల్లో వస్తుందంటే నాకు ఆశ్చర్యం అనిపించదు. గునుగు ఏడాది కూడా బతకని మొక్క, పెత్తరమాస నాటికి చేనుగట్ల మీద విరగబూసి ఉంటుంది, కట్ల పూలూ గడ్డిపూలూ అంతే. తంగేడు మాత్రం వేరే రకం. అది పొద, పశువులు ముట్టవు, బీడు భూమిలో కూడా ఏళ్ల తరబడి ఉంటుంది. మన రాష్ట్ర పుష్పం గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను, తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి ఒక్కటే ఉంటుంది, అది కూడా కేసరం కొసన ఉన్న చిన్న రంధ్రాల్లోంచే రావాలి. పెద్ద తుమ్మెద వచ్చి పువ్వుని పట్టుకుని జుమ్మని ఒళ్లు అదిలిస్తే పౌడర్ డబ్బా దులిపినట్టు పుప్పొడి రాలుతుంది. ఆ శబ్దం తుమ్మెద ఎగిరే శబ్దం కంటే కాస్త సన్నగా, పదునుగా ఉంటుంది, పక్కన నిలబడితే తేడా తెలుస్తుంది.

మరి ఇంత చిన్న చోట ఇన్ని రకాలు ఎలా ఇముడుతున్నాయి? ఒక కారణం ఇప్పటిదాకా చెప్పుకున్నదే, ఒకే గజం నేలని నెలకో మొక్క వాడుకుంటుంది. ఇంకోటి రాయి. వరంగల్ చుట్టూ ఉన్నవి గ్రానైట్ గుట్టలు. నర్సంపేట దాటి పాకాల వైపు పోతే రాయి మారిపోతుంది, అక్కడి క్వార్ట్‌జైట్, పలకరాళ్ల పొరలకి భూగర్భ శాస్త్రవేత్తలు పాకాల పేరే పెట్టారు. గోదావరి దగ్గరకొస్తే ఇసుకరాయి. నది దాటి ఆదిలాబాద్ ఎగువకి పోతే బసాల్ట్, దాని మీద నల్లరేగడి. రాయిని బట్టి మట్టి, మట్టిని బట్టి మొక్క. మట్టే లేని బండ మీద తబసి తెల్లటి కాగితంలాంటి బెరడుతో నిలబడుతుంది, నీళ్లు నిలిచే బంకమట్టిలో నల్లమద్ది, గుట్ట వీపు మీద అందుగు, లోతు తక్కువ రాతినేలలో నారేప. అదే గుట్ట కింద వాగు ఒడ్డున తెల్లమద్ది, నేరేడు, కానుగ ఉంటాయి, మీరు ఏప్రిల్‌లో వెళ్లినా అక్కడ నీడ దొరుకుతుంది. గుట్ట ఎక్కి దిగడానికి గంట పడుతుంది, ఆ గంటలో నాలుగు రకాల అడవులు దాటుతారు.

ఇక్కడే 'వైవిధ్యం' అనే మాటని రెండుగా విడగొట్టాలి. పది ఊళ్ల సంతలకి వెళ్లారనుకోండి. ప్రతి సంతలో ఇరవై రకాల కూరగాయలున్నాయి, కానీ పదింటిలోనూ అవే ఇరవై. ఇంకో తాలూకాలో సంతకి పదిహేను రకాలే, కాకపోతే ఊరు మారితే సరుకు మారుతుంది. ఒక్కో సంతని చూస్తే మొదటి తాలూకా గొప్ప, మొత్తం కలిపితే రెండోది. మన పొడి అడవుల బలం రెండో రకానిది. ఎక్కడో ఒక ఎకరంలో కొలిచి సతత హరితారణ్యంతో పోల్చి మనది తక్కువ అనడం సరైన పోలిక కాదు. అలాగని ఇక్కడ తప్ప ప్రపంచంలో ఎక్కడా దొరకని మొక్కలు కుప్పలుగా ఉన్నాయని గొప్పలు చెప్పుకోవడం కూడా అబద్ధమే. మన చెట్లలో చాలావాటిని మధ్యప్రదేశ్ దాకా చూడొచ్చు.

మూడో ముడి, ఎన్ని రకాలుంటే అడవి అంత బాగున్నట్టు అనుకోవడం. 2024 ఆగస్టు 31న మేడారం, తాడ్వాయి మధ్య అడవిలో సుడిగాలి లాంటిది వచ్చి దాదాపు 50 వేల చెట్లు కూలిపోయాయి. ఫోటోలు చూసిన అందరికీ కడుపు తరుక్కుపోయింది, నాకూ. కానీ మొక్కల లెక్క ప్రకారం ఆలోచిస్తే ఒక విచిత్రం ఉంది. నీడ పోయిన చోట ఎండ నేలకి తగులుతుంది, మట్టిలో నిద్రపోతున్న గింజలు లేస్తాయి, తీగలు అల్లుకుంటాయి, విరిగిన మొద్దులు చిగురిస్తాయి. అలాంటి చోట ఒకటి రెండేళ్లలో రకాల సంఖ్య పడిపోవడం కాదు, పెరగడమే మామూలుగా జరిగేది. రోడ్డు అంచుల్లో కూడా అంతే, మంచి అడవి లోపలికంటే రోడ్డు పక్కన జాబితా పొడుగ్గా వస్తుంది. అయితే రోడ్డు పక్క బాగున్నట్టా?

కాదు, ఎందుకంటే ఆ జాబితాలో పేర్లు చూడాలి. లాంటానా (తలంబ్రాల చెట్టు అంటారు చూడండి, అదే), వయ్యారిభామ, గడ్డిచామంతి, ఈ మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. లెక్కలో మూడు రకాలు పెరిగినట్టు రాస్తారు. కానీ లాంటానా ఒకసారి పొద కట్టిందంటే దాని కింద నేలతాడీ విష్ణుక్రాంతం లాంటివి మొలవలేవు, పదేళ్ల తర్వాత ఆ మూడు మిగిలి ముప్పై పోతాయి. సంఖ్య ఒక్కటే చూసేవాడికి మొదటి కొన్నేళ్లు అంతా శుభమే. తాడ్వాయి ఖాళీలో ముందు లేచేది మన మొలకలా, లాంటానానా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఇదే పొరపాటు ఇంకా పెద్ద స్థాయిలో జరుగుతుంది. రెండేళ్లకోసారి ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహ చిత్రాలతో అటవీ విస్తీర్ణం లెక్క ఇస్తుంది, మన పేపర్లలో పెరిగిందనో తగ్గిందనో హెడ్డింగులు వస్తాయి. ఆ లెక్క ప్రకారం హెక్టారుకి తగ్గకుండా ఉండి, పదిశాతం పైన చెట్ల నీడ ఉన్న ఏ నేలైనా అటవీ విస్తీర్ణమే, చెట్టు ఏదైనా, భూమి ఎవరిదైనా. అంటే జామాయిల్ తోట కూడా లెక్కలోకి వస్తుంది, మామిడి తోట కూడా. ఈ కొలత పనికిరానిదని నేననను, అది కొలిచేది నీడని. మనం మాట్లాడుకుంటున్న మొక్కల్లో చాలా భాగం ఆ నీడ కింద మోకాలి లోపు ఉంటుంది, ఉపగ్రహానికి కనిపించదు. గడ్డి గుట్టని బంజరు అని రాసేసి గుంతలు తీసి మొక్కలు నాటితే, నాటిన ఒక్క రకం లెక్కలోకి వస్తుంది, గుంతలో పోయిన రకాలు ఏ రిజిస్టర్లోనూ ఉండవు.

రిజిస్టర్ అంటే గుర్తొచ్చింది, మన వైపు రాతపూర్వక లెక్కలు ఆలస్యంగా మొదలయ్యాయి. 1915, 1936 మధ్య బ్రిటిష్ వాళ్లు మద్రాస్ ప్రెసిడెన్సీ మొక్కలన్నిటికీ విడతలుగా పుస్తకం వేశారు, కోస్తా, రాయలసీమ అందులోకి వచ్చాయి, నిజాం రాజ్యం కాబట్టి మనం రాలేదు. తర్వాత కాకతీయ యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగం లాంటి చోట్ల గుట్ట గుట్టా తిరిగి నమూనాలు సేకరించినవాళ్ల వల్లే ఇవాళ ఈ మాత్రం మాట్లాడగలుగుతున్నాం. పేర్ల గొడవ ఇంకోటి. బదనిక అంటే ఒకరు చెట్టు మీద పెరిగే ఆర్కిడ్‌ని చూపిస్తారు, ఇంకొకరు కొమ్మలోకి వేరు దింపి రసం పీల్చే మొక్కని. కొడిశ కూడా అంతే, ఊరు మారితే చెట్టు మారుతుంది. అలాగని తెలుగు పేర్లు శాస్త్రానికి పనికిరావని కాదు, సోమిద చెట్టు శాస్త్రీయ నామం సోయ్‌మిడా, అది మన సోమిదే.

పొనికి గురించి ఒక్క మాట, నిర్మల్ బొమ్మలు ఆ చెక్కతోనే చేస్తారు. తేలిక చెక్క, ఉలికి వెన్నలా లొంగుతుంది. కాకపోతే గింజ చాలా గట్టిది, మొలకెత్తడానికి సతాయిస్తుంది. నరికినంత వేగంగా మొలవని చెట్టు ఏమవుతుందో లెక్క కట్టడానికి శాస్త్రం అక్కర్లేదు.

ఇదంతా నమ్మాలని లేకపోతే మీరే కొలవొచ్చు. పరిశోధకులు చేసేది కూడా మౌలికంగా ఇదే. నాలుగు మేకులు, ఒక తాడు, మీటరు పొడవు, మీటరు వెడల్పు చదరం. ఊరి పక్కన ఏదో ఒక గుట్ట మీద నేలలో మేకులు దిగ్గొట్టి, లోపల ఉన్న ప్రతి వేరే వేరే మొక్కకీ ఒక గీత గీయండి, పేరు తెలియకపోతే 'గుండ్రాకుది', 'ముళ్లది' అని రాసుకున్నా చాలు. చెట్లకైతే చదరం పెద్దది కావాలి, ఇరవై మీటర్లు అటూ ఇటూ. అవే మేకుల దగ్గరికి ఏడాదిలో నాలుగైదుసార్లు రండి. నేను హనుమకొండ దగ్గర ఒక గుట్ట మీద మే నెలలో తాడు కట్టినప్పుడు ఒక చేతి వేళ్లు కూడా నిండలేదు, పక్కనున్న తమ్ముడు ఎండకి విసుక్కుని వెళ్లిపోయాడు. అదే చదరం దగ్గర బతుకమ్మకి వారం ముందు గొంతుక్కూర్చుంటే నోటుబుక్కులో పేజీ తిప్పాల్సి వచ్చింది, అప్పటికి గడ్డి జోలికి ఇంకా పోనేలేదు.